గుంటలక్క ఆడిన ఒకే ఒక్క ఆట

నిన్న ఇక్కడే ఉన్న గుంట ఇవాళ లేదు. ముందు నా కళ్ళనే అనుమానించాను. బడి నుంచి రిటైరయ్యాక, మోకాళ్ళు పట్టేస్తున్నాయి నడవమని డాక్టరు చెబితే, మునిసిపాలిటీవాళ్ళ గోల్ఫ్ మైదానంలో చేరాను. గోల్ఫంటే మేడలున్నవాళ్ళ ఆటనుకునేవాణ్ణి. ఇక్కడ ఆ బాధ లేదు. ఒక సినిమాకు అయ్యే ఖర్చుతో తొమ్మిది గుంటలూ ఆడొచ్చు. కర్రలు కూడా వాళ్ళే అద్దెకిస్తారు. ఆ సంచిలో కర్రలు పెళ్ళిలో ఒకరికొకరు తెలియని చుట్టాల్లా ఉంటాయి, అది వేరే సంగతి.

బంతి పడాల్సిన ప్రతి గుంట చుట్టూ తివాచీలా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. దాన్ని గ్రీన్ అంటారు. మొదటి గ్రీన్ మీద నిన్న కుడిపక్క ఉన్న గుంట ఇవాళ ఎడమపక్కకు వచ్చింది. నిన్నటిచోట వేలు పెట్టి తడిమాను. అతుకు కూడా తెలియలేదు. ఆట మానేసి టిక్కెట్ల కిటికీ దగ్గరికి నడిచాను.

"గుంట కదిలిందండీ" అన్నాను.

మేనేజరు తలెత్తలేదు. "రోజూ కదుల్తుంది మాస్టారూ. గుంటలక్క కదుపుతుంది."

ఇక నేను ఆగుతానా? తొమ్మిదో గ్రీన్ వెనకున్న షెడ్డులో ఆవిడ దొరికింది. యాభై దాటిన మనిషి. ఎండకు మాడిన ముంజేతులు, నడుముకు నీలం గుడ్డ ఏప్రన్. గడ్డి కోసే యంత్రం కిందకు సగం దూరి ఉంది. నేను అడిగిన ప్రశ్నకు అక్కణ్ణుంచే జవాబిచ్చింది.

"ఒకేచోట ఉంచితే అందరి కాళ్ళూ అక్కడే పడతాయి. రెండు వారాలు తిరిగేసరికి బట్టతల వస్తుంది. మీకు ఆదివారం సెలవు ఉండేది కదా మాస్టారూ. గడ్డికి ఉండొద్దా?"

తరవాత చేసి చూపించింది. పిడి ఉన్న ఉక్కు గొట్టం ఒకటి కొత్తచోట నేలకు ఆనించి, ఎడమకూ కుడికీ తిప్పుతూ దింపుతుంది. పైకి లాగితే గడ్డితో సహా మట్టి ముద్ద నిలువునా వచ్చేస్తుంది. ఆ ముద్దను పాత గుంటలో కూర్చి, పాదంతో అదిమి, గిన్నెలో నీళ్ళు చిలకరిస్తుంది. అతుకు మాయం. ఇరవై రెండేళ్ళుగా, తెల్లవారగానే తొమ్మిది గుంటలు. ఈ మైదానంలో ఆవిడ కొయ్యని జానెడు పచ్చిక లేదు. ఆడిన ఆట మాత్రం ఒక్కటీ లేదు.

"ఎందుకాడలేదమ్మా?"

"వంటవాడు బంతిలో కూర్చుంటాడా ఏంటి?"

ఏప్రన్ కుట్టింది వాళ్ళాయన. మార్కెట్ మెట్ల కింద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ఆ ఏప్రన్‌కి రెండు జేబులు: ఎడమది పీకిన కలుపుకి, కుడిది దారి తప్పిన బంతులకి. నడుస్తూనే ఉంటుంది, మాట్లాడుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం వంగి బంతిని తీసి జేబులో వేసేస్తుంది. చేతికి అదొక ఉద్యోగం, నోటికి వేరే ఉద్యోగం.

"ఇల్లు అద్దెకు చూసినప్పుడు దీని వేషాలు చూడాలి మాస్టారూ" అన్నాడు ఆయన ఒకరోజు, నా చొక్కా కాలరు తిప్పి కుడుతూ. "వంటింట్లో నేల మీద బంతి పెట్టేది. అది కాస్త దొర్లిందా, ఈ ఇల్లు వద్దనేది. రెండిళ్ళు అలా పోయాయి. మూడో ఇంట్లో బంతి కదల్లేదు. పైకప్పు కారుతుంది, అది చూసుకోలేదు మహాతల్లి."

ఇంత కన్నున్న మనిషికి ఒక్కచోటే పేచీ వచ్చింది. తొమ్మిదో గుంట.

పేచీ పెట్టింది లారీ మావయ్య. ముప్పై ఏళ్ళు లారీ నడిపి, ఇప్పుడు వారానికి ఐదు రోజులు ఇక్కడే గడిపే పెద్దమనిషి. తొమ్మిదో గ్రీన్ మీద బంతి ఆయన మాట వినదు. గుంట దాకా వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంది. రోజూ షెడ్డు ముందు నిలబడి, "ఎవరి మీద కోపంతో పెట్టావమ్మాయ్ అక్కడ?" అని అరిచేవాడు. ఆవిడ గొట్టం తుడుచుకుంటూ, "ఆడలేక మద్దెల ఓడన్నాడట మావయ్యా మీలాంటివాడే" అనేది.

అది సరదాగా ఉన్నన్నాళ్ళు బాగానే ఉంది. ఆయన పదకొండు మందితో సంతకాలు పెట్టించి మేనేజరుకు కాగితం ఇచ్చాక సరదా పోయింది. తొమ్మిదో గుంటని గ్రీన్ మధ్యలో పెట్టి కదపకుండా ఉంచితే గొడవ వదిలిపోతుంది కదా అన్నాడు మేనేజరు.

గుంటలక్క మొహం నేను అలా చూడటం అదే మొదటిసారి. "గుంట ఎక్కడుండాలో నేను చెప్పకూడదంటే, నేను ఉత్త గడ్డి కోసేదాన్నే కదండీ" అంది మెల్లగా.

"అయితే ఆడి చూపించు" అన్నాడు లారీ మావయ్య. "నువ్వు పెట్టిన గుంటలో నువ్వు వెయ్యి. మొదటి గుంట నుంచి ఆడుకుంటూ రా, తొమ్మిదో గ్రీన్ ఎక్కాక మూడు దెబ్బలు. వేశావా, కాగితం చింపేస్తా, మళ్ళీ నోరెత్తను."

"వెయ్యకపోతే?"

"నెల రోజులు మధ్యలో. ఆ పైన మేనేజరుగారి ఇష్టం."

"సరే" అంది.

లెక్క రాయడానికి నన్ను పెట్టారు. నలభై ఏళ్ళు మార్కులు వేసిన చెయ్యి కదా అన్నారు. పందెం రోజు పొద్దున ఆవిడ ఎప్పట్లాగే తొమ్మిది గుంటలూ కోసి, చేతులు కడుక్కుని, అద్దె కర్రల సంచి భుజానికెత్తుకుంది. సాగనంపడానికి వచ్చిన దర్జీ, "ఆ ఏప్రన్ విప్పెయ్యవే, ఆడటానికి వెళ్తున్నావు, పనికి కాదు" అన్నాడు.

"అది లేకపోతే నడుము ఎవరో ఎత్తుకుపోయినట్టుంటుంది" అని అలాగే బయలుదేరింది.

ఆట ఎలా ఆడిందంటే, కర్రను పార పట్టినట్టు పట్టింది. బంతి ఎగరలేదు, గడ్డిని దువ్వుకుంటూ పోయింది. కానీ నేరుగా పోయింది. ఏ గడ్డి బంతిని ఆపుతుందో, ఏది జారనిస్తుందో ఆవిడకు తెలుసు. నడుస్తున్నంతసేపూ పని ఆగలేదు. మూడో గుంట దగ్గర ఎవరో కర్రతో లేపేసిన పచ్చిక పెళ్ళను తెచ్చి దాని చోట పెట్టింది. ఐదో గుంట దగ్గర ఇసకంతా చదును చేసింది. మా వెనక జట్టువాళ్ళు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు.

"ఆడుతున్నావా, ఇల్లూడుస్తున్నావా?" అన్నాడు లారీ మావయ్య.

"రెండూ."

తొమ్మిదో గ్రీన్ ఎక్కేసరికి మేనేజరు కూడా వచ్చి నిలబడ్డాడు. మొదటి దెబ్బ. బంతి మెత్తగా బయలుదేరి గుంట అంచుదాకా వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగింది. తరవాత తీరిగ్గా వెనక్కి దొర్లి సగం దారిలో నిలబడింది.

గుంటలక్క బంతి దగ్గరికి నడిచింది. పక్కనే చిన్న కలుపు మొక్క. వంగి పీకింది, ఎడమ జేబు. అదే ఊపులో బంతిని తీసింది, కుడి జేబు. నాలుగడుగులు ముందుకు వేసి, అప్పుడు ఆగిపోయింది.

ఆవిడ కుడి జేబులో చెయ్యి పెట్టి, బంతిని బయటికి తీసి, అది ఎవరిదో అన్నట్టు చూసింది. ఆనవాలు పెట్టకుండా ఆటలో ఉన్న బంతిని ఎత్తితే ఒక దెబ్బ శిక్ష. ఆ నియమం అట్ట మీద రాసి షెడ్డు గోడకు మేకు కొట్టింది ఆవిడే.

నా పెన్సిలు ఆగిపోయింది. లారీ మావయ్యే ముందు మాట్లాడాడు. "రాయకండి మాస్టారూ. అది ఆట కాదు, అలవాటు."

"రాయండి" అంది గుంటలక్క. "మావయ్య బంతి ఎత్తి ఉంటే నేను ఊరుకునేదాన్నా?"

రాశాను. రెండు. బంతిని ఎత్తినచోటే పెట్టింది. మూడో దెబ్బ గుంట పెదవిని తాకి పక్కకు తిరిగి, మళ్ళీ కిందికి దొర్లింది. పందెం పోయింది.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనేంత వంగి గ్రీన్‌ను చూస్తోంది.

"ఇదింత వాలుందా?" అంది. ఎవరినీ అడగడం లేదు.

లేచి షెడ్డు వైపు చూసింది, మళ్ళీ మేం వచ్చిన వైపు చూసింది. "నేను రోజూ ఆ వెనక నుంచి వస్తా మాస్టారూ. షెడ్డు అక్కడే కదా. అక్కణ్ణుంచి చూస్తే ఇది పీటలా చదునుగా ఉంటుంది. గొట్టం పట్టుకుని ఇటు నుంచి ఎప్పుడూ రాలేదు. ఇరవై రెండేళ్ళు." మోకాళ్ళు దులుపుకుంటూ, "వంటింట్లో బంతి పెట్టి చూశాను గానీ ఇక్కడ పెట్టి చూడలేదు" అంది.

మర్నాడు మాటప్రకారం గుంట గ్రీన్ మధ్యకు వెళ్ళింది. కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళందరూ సంబరపడ్డారు. అందరి బంతులూ అక్కడికే, అందరి బూట్లూ అక్కడికే. తొమ్మిదో రోజుకు గుంట చుట్టూ గడ్డి పసుపెక్కింది. పన్నెండో రోజుకు మట్టి కనిపించింది. గుంటలక్క పొద్దున్నే వచ్చి నీళ్ళు పోసేది, ఆ మచ్చను చూసేది, వెళ్ళిపోయేది. ఆ గ్రీన్ మీద గొట్టం దించేది కాదు.

పదమూడో రోజు లారీ మావయ్య షెడ్డు గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపల ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాను, ఇంకా అడగాల్సిన ప్రశ్నలు మిగిలున్నాయని.

"జరపమ్మాయ్ దాన్ని."

"నెలన్నారు కదా మావయ్యా."

"నేనే అన్నాను, నేనే వద్దంటున్నాను. బట్టతల నాకొకటుంది చాలు." మేనేజరు బల్ల మీంచి తెచ్చుకున్న సంతకాల కాగితం జేబులోంచి తీసి, నాలుగు ముక్కలు చేసి, ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడ్డాడు. గుంటలక్క ఎడమ జేబు తెరిచి పట్టింది. "ఇందులో వెయ్యండి" అంది. మేనేజరుతో తానే మాట్లాడతానని చెప్పి వెళ్ళాడు, మాట్లాడాడు కూడా.

మర్నాడు మంచు ఆరకముందే వెళ్ళాను, చూడాలని. ఆవిడ షెడ్డులోంచి గొట్టం భుజాన వేసుకుని వచ్చి, గ్రీన్‌ను దాటి ముందుకు వెళ్ళిపోయింది. తొమ్మిదో గుంటకు ఆట మొదలుపెట్టే చోటిదాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, ఆడేవాళ్ళ దారిలో నడుచుకుంటూ వచ్చింది. తడి గడ్డి మీద ఒక్క మనిషి అడుగులే పడ్డాయి. గ్రీన్ అంచున కూర్చుని కుడి జేబులోంచి బంతి తీసి చేత్తో దొర్లించింది. వెనక్కి వచ్చింది. రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ దొర్లించింది. నాలుగోసారి బంతి వెళ్ళినచోటే నిలిచింది. అక్కడ గొట్టం దించింది.

ఎనిమిది గంటలకు లారీ మావయ్య వచ్చాడు. చాలాసేపు గురి చూసి కొట్టాడు. బంతి గుంట పక్కనుంచి దూరంగా వెళ్ళి, అక్కడే నిలబడింది. వెనక్కి రాలేదు. ఆయన అలవాటుగా షెడ్డు వైపు తిరిగి నోరు తెరిచాడు. గుమ్మంలో గుంటలక్క గొట్టం తుడుచుకుంటోంది.

"మద్దెల బాగానే ఉంది" అన్నాడు, బంతి వైపు నడుస్తూ.