సున్నపు మిద్దెకు చెవి ఆనించిన మేస్త్రీ

పుంగనూరు నుంచి మేస్త్రీ కూతురు ఫోన్ చేసేటప్పటికి నేను మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మా నాయన పోయినాడమ్మా" అంది. రెండు రోజుల జ్వరం, అంతే. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మరి మిద్దె ఎట్లక్కా?" అన్నాను.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. మా అమ్మ ఆ మేస్త్రీ దగ్గరే ఇసుక తట్టలు మోసింది. ఇళ్ళు గీసే చదువు ముగించి వచ్చాక, నా మొదటి ప్లాను ఆయనకే చూపించాను. శాంతిపురం దగ్గర ఒక పల్లెలో, పిల్లలు చదువుకోవడానికి ఊరివాళ్ళు కట్టుకుంటున్న గది అది. పడమటి గోడ నిండా అద్దాలు గీశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఇది పిల్లోల్లకా, టమాటా నారుకా అమ్మా?"

"కొత్త పద్ధతి తాతా" అన్నాను ఉక్రోషంగా.

"కొత్తదైతే మంచిదే. పడమటెండ పాతదే గదా!"

కొత్తదంటే ఆయనకు పగ లేదు. టేకు దూలాల బదులు ఇనుప దూలాలు వేద్దామంటే, "పైనుండే సున్నానికి తెలుస్తాదా కింద ఏముందో? వెయ్యి" అన్నారు. గోడలకు క్వారీవాళ్ళు పారేసే ముక్కరాళ్ళు ఆయనే ఏరి తెప్పించారు. ప్లానులో నేను మరిచిపోయిందొకటి చూపించారు. "పిల్లోల్లను పిల్సకపోను వచ్చే ఆడోల్లు యాడ కూసుంటారు? నీ ఒళ్ళోనా?" అలా వీధివైపు అరుగు వచ్చింది, దాని మీద నీడ వచ్చింది.

పైకప్పు మాత్రం పూర్తిగా ఆయనదే. దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచి, బెల్లం, కరక్కాయ నానిన నీళ్ళు చల్లుతూ ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టాలి. తక్కువ కొడితే కారుతుంది. సున్నం బిగిశాక కూడా కొడితే చిట్లుతుంది. ఏ మిద్దెకైనా ఎప్పుడు ఆపాలో ఆయనకే తెలుసు. మిద్దె మీద పక్కకు ఒరిగి పడుకుని, చెవి ఆనించి, ఎవరినో ఒకరిని కొట్టమనేవారు. వినేవారు. "సాలు" అనేవారు. ఆ మాట అన్నాక ఇంకొక దెబ్బ పడనిచ్చేవారు కాదు.

కొలతలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ చప్పుడు ఎలా ఉంటుందని అడిగితే, "కొట్టే సేతికి ముందు తెలుస్తాది, సెవికి ఆనక" అన్నారు. అయినా చెక్క నా చేతికి ఇవ్వలేదు. పని మొదలైన రోజు మా అమ్మ ఆయనతో, "అన్నా, నా బిడ్డ సేత మాత్రం ఆ పని సేపియ్యొద్దు. దానికోసరమే సదివించినా" అని చెప్పింది. ఆయన ఆ మాట నిలబెట్టుకున్నారు. నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే, అడగనక్కర లేకపోయినందుకు లోపల సంతోషించాను. మేం ముగ్గురం కలిసి చేసిన తప్పు అది.

మూడో రోజు కొట్టుడు నడుస్తుండగా ఆయనకు జ్వరం వచ్చింది. ఐదో రోజు పొద్దున పోయారు. సాయంత్రం పుంగనూరులో వాళ్ళ వీధి చివర నిలబడి, ఆయనను తీసుకువెళ్ళడం చూశాను. కూతురు నా చెయ్యి పట్టుకుని, "రాత్రి గూడా అడిగినాడు, ఆ పిల్ల మిద్దె పలికెనా అని" అంది.

మర్నాడు మిద్దె ఎక్కాను. ఊరి పెద్దాయన కింద నుంచే చెప్పాడు. "సూడమ్మా, కారిందంటే రేకులేస్తాం. మల్ల ఈ పక్క ఎవురూ సున్నం మాటెత్తరు." ఆడవాళ్ళు కొడుతుంటే చెవి ఆనించాను. దెబ్బలు వినిపించాయి, అంతే. చెక్క అడిగి తీసుకుని నేనూ కొట్టాను. నా చేతికి ఏమీ తెలియలేదు.

"సాలా అమ్మా?" అని అడిగింది వరసలో పెద్దామె.

"ఇంకొంచెం" అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాను. పొద్దు వాలాక, నేను చెప్పకుండానే, చేతులు ఆడక ఒకరి తర్వాత ఒకరు చెక్కలు కింద పెట్టారు.

తాతా, మీరు నేర్పినవన్నీ నా దగ్గర ఉన్నాయి. అది ఒక్కటే లేదు. పుంగనూరు, మదనపల్లె అంతా తిరిగి అడిగాను. ఆ పని తెలిసినవాళ్ళు ఇంకొకరు దొరకలేదు.

సున్నం ఆరాక, కారుతుందో లేదో చూడడానికి మిద్దె మీద నీళ్ళు నిలబెట్టాం. నిన్న కింద గదిలో, పైకప్పున రెండు ఇటుకల సందున అరచేతంత చెమ్మ కనిపించింది. "కట్టినప్పటి తడేలే అమ్మా" అంది పెద్దామె. స్టూలెక్కి దాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. ఈ పొద్దున తాళం నేనే తీశాను. పెద్దాయన ఇంకా రాలేదు. స్టూలెక్కి చూస్తే, నేను గీసిన గీత తడి లోపల ఉంది.