భాగీరథి మొయినాబాదుకు నడిచింది

చేవెళ్ల బజారులో వీరేశం షావుకారు దుకాణం ముందు ఎవరు ఆగినా మొదట కనబడేది ఆయన భార్య భాగీరథే. గద్దె మీద పరుపు వేసుకుని కూర్చునేది. ఉప్పు, పప్పు, చింతపండు, బెల్లం అన్నీ చేయి చాపితే అందేలా చుట్టూ పేర్పించుకుంది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళ దాకా లేవాల్సిన పని పడేది కాదు. బేరం లేనప్పుడు చేయి దానంతట అదే పుట్నాల డబ్బాలోకి, అక్కడి నుంచి బెల్లం గంపలోకి పోయేది.

"షావుకారమ్మను చూస్తేనే తెలుస్తది, ఆ ఇంట్ల బరకత్ ఎంతున్నదో" అని బజారు జనం అనేవారు. తన ఇంటి కలిమిని మెచ్చుకునే ఆ మాటకు ఆమె లోలోపల మురిసిపోయేది. ఒళ్లు పెరిగిన కొద్దీ మోకాళ్లు నొప్పులు పెట్టాయి. నాలుగు మెట్లు ఎక్కితే ఎగశ్వాస వచ్చేది. కాళ్లకు పసుపు రాసుకోవాలంటే వంగలేక అత్తగారిని పిలిచేది. అయినా నలభై ఏళ్లు వచ్చాయి కదా, ఇంతే కాబోలు అనుకుంది.

పందొమ్మిది వందల ముప్పై ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ అనుకోవడం చెదిరిపోయింది. వీరేశం ధాన్యం బస్తాలు రైలుకు ఎక్కించడానికి శంకర్‌పల్లి పోయాడు. అత్త సుగుణమ్మ చుట్టాలింటికి వెళ్లింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. భాగీరథి నీళ్లు తోడుకోవడానికి పెరట్లో బావి దగ్గరికి వెళ్లి, నాచు పట్టిన గచ్చు మీద జారి వెల్లకిలా పడింది.

ఎముక విరగలేదు. కానీ లేవలేకపోయింది. మోచేతుల మీద బలం వేసి చూసింది. పక్కకు ఒరిగి చూసింది. బావి గోడ జానెడు దూరంలో ఉంది, చేయి అందలేదు. పైన జల్లు మొదలైంది. తన ఇంట్లో, తన పెరట్లో, తన ఒళ్లే తనను నేలకు అదిమిపట్టినట్టు పడుకుని, ఆమె కళ్లలోకి వాన పడుతుంటే కళ్లు మూసుకుంది.

చాలాసేపటికి వీధి వైపు నుంచి ఒక గొంతు వినబడింది.

"షావుకారమ్మా! దీపాలకు గ్యాస్‌నూనె గావాలె. ఎవ్వరు లేరా?"

"పెరట్లకు రా" అని భాగీరథి అరిచింది. "నేను పడ్డ. లోపలికి రా!"

బయట అలికిడి ఆగింది. "నేను ప్రేమమ్మను, అమ్మా" అన్నది ఆ గొంతు నెమ్మదిగా.

ప్రేమమ్మ ఊరి చివర క్రైస్తవుల వాడలో ఉండేది. మిషన్ దవాఖానలో కాన్పులు చేయడం నేర్చుకుని, రోజూ తెల్లవారకముందే ఊళ్లు తిరుగుతూ గర్భిణులను చూసి వచ్చేది. ఇరవై ఏళ్లుగా ఆ దుకాణంలో సరుకు కొంటున్నా మెట్టు దాటి ఒక్కనాడూ లోపలికి రాలేదు. రానిచ్చిన వాళ్లూ లేరు.

"ఎవ్వరైతేంది! నాకు లేవ వస్తలేదు. రా!"

ప్రేమమ్మ వచ్చింది. చేయి పట్టుకుని లాగలేదు. ముందు భాగీరథిని ఒక పక్కకు తిప్పింది, మోకాళ్ల మీదికి తెచ్చింది, ఒక చేతిని బావి గోడకు అందించి, రెండో చేతిని తన భుజం మీద వేసుకుంది. "నేను లేపుతలేనమ్మా, నువ్వే లేస్తున్నవు. ఊపిరి బిగవట్టకు" అంది. మూడోసారికి భాగీరథి లేచి నిలబడింది. నిలబడ్డాక ఏడ్చింది.

"దెబ్బ తాకిందా?"

"దెబ్బ గాదు ప్రేమమ్మా. నా ఇంట్ల నేను లేవలేకపోయిన. దీనికి ఏదన్న మందున్నదా?"

ప్రేమమ్మ తన కొంగుతో ఆమె మొహం తుడిచింది. "మందు లేదు. ఇయ్యాల నేనొచ్చిన, రేపు ఎవ్వరొస్తరు? పొద్దుగాల మీ దుకాణం ముంగట్నుంచే ఊర్లకు పోత. నాతోని నాలుగడుగులు నడువు. రేపు ఇంకో నాలుగు. గంతే."

సాయంత్రం సంగతి తెలిసి సుగుణమ్మ పెరడంతా నీళ్లు చల్లి కడిగించింది. కోడల్ని తలంటి పోసుకోమంది. భాగీరథి తలంటి పోసుకుంది. నాలుగో రోజు కోడి కూసే వేళకు మాత్రం చీర బిగించుకుని దుకాణం మెట్టు మీద నిలబడింది.

మొదటిరోజు ప్రేమమ్మ వెంట బజారు చివరి ఇంటి దాకా పోయింది. అంతకే చెమట ధారలు కట్టి ఒక రాయి మీద కూలబడింది. కొలిమి రాజేస్తున్న కమ్మరి కొమురయ్య చూసి, "షావుకారమ్మా, బండి కట్టించాల్నా?" అని నవ్వాడు. ప్రేమమ్మ తన దారిన పోవాలి, పోయింది. భాగీరథి ఒక్కతే వెనక్కి నడిచి వచ్చింది. ఆ నవ్వు ఇంటిదాకా వెంట వచ్చింది. కానీ మరునాడు మళ్లీ మెట్టు మీద నిలబడింది.

వారం రోజులయ్యాక ఒక మధ్యాహ్నం దుకాణం తలుపులు వేయించి, భర్తకు ధాన్యం తూచే కాంటా చూపించి, "నన్ను తూయుండ్రి" అంది. వీరేశం నెమ్మదైన మనిషి. ఎందుకని అడగకుండా ఒక తట్టలో ఆమెను కూర్చోబెట్టి, ఇంకో తట్టలో రాళ్లు వేసుకుంటూ పోయాడు. లెక్క గొంతులోనే చెప్పుకున్నాడు.

"గట్టిగ చెప్పుండ్రి. మనమిద్దరమే గద ఉన్నది."

"నూట పది శేర్లు" అన్నాడు తల వంచుకుని. ఇంచుమించు నిండు బియ్యం బస్తా బరువు.

ఆ రోజే ఆమె దుకాణంలోని డబ్బాలన్నీ గద్దె చుట్టూ నుంచి తీయించి వెనక గోడ పక్కన సర్దించింది. ఎవరు ఏది అడిగినా లేచి వెళ్లి తేవాలి. పుట్నాలు నోట్లో వేసుకోవాలన్నా లేవాలి. లేచినప్పుడల్లా, నిజంగా ఆకలేనా అని తనను తాను ప్రశ్నించుకునేది. చాలాసార్లు కాదనే తేలేది. పనిమనిషి విసిరే జొన్నలు తానే ఇసుర్రాయి ముందు కూర్చుని విసరసాగింది. నెయ్యి పోసుకుని మూడుసార్లు వడ్డించుకునే అన్నానికి బదులు రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు, పల్చటి మజ్జిగ పెట్టుకుంది.

సుగుణమ్మకు ఇది నామోషీ అనిపించింది. "షావుకారింటి కోడలు జొన్నరొట్టె తింటే నలుగురేమంటరు? ఇంట్ల బియ్యం ఒడిసిపోయినయనరా?"

"అననియ్యి అత్తమ్మా. వాళ్లకు బియ్యం మనమే గద అమ్మేది" అంది భాగీరథి.

బజారు చివరి ఇల్లు దాటింది. వాగు దాకా పోయింది. వాగు దాటి మామిడితోట దాకా పోయింది. సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు ఒక శుక్రవారం, ఎవరినీ పిలవకుండా వంగి తన పాదాలకు తానే పసుపు రాసుకుంది. మెట్టెలు కనబడ్డాయి. వాటిని అంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో. ఆ పూట గద్దె మీద కూర్చున్నా మాటిమాటికి పాదాలు ముందుకు చాపుకుని చూసుకుంది.

కానీ దారి ఎప్పుడూ ఒక్కలా సాగదు. ఆ ఎండాకాలం శంకర్‌పల్లిలో చుట్టాల పెళ్లికి పోయి పన్నెండు రోజులు ఉండాల్సి వచ్చింది. అరిసెలు, బూరెలు, లడ్డూలు. "ఒక్కటి తింటే ఏమైతది?" అన్న ప్రతి పిలుపుకూ ఆమె ఒక్కటే తిన్నది. పిలుపులే చాలా ఉన్నాయి. తిరిగొచ్చి కాంటా ఎక్కితే, అంతకుముందు తగ్గిందాంట్లో ఏడు శేర్లు తిరిగి వచ్చి కూర్చున్నాయి.

మరునాడు ఆమె మెట్టు మీదికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. పక్క మీద పడుకుని, వీధిలో ప్రేమమ్మ అడుగులు దుకాణం ముందు నెమ్మదించి, కాసేపాగి, మళ్లీ సాగిపోవడం వింటూ ఉండేది. పుట్నాల డబ్బా మెల్లగా గద్దె పక్కకు చేరుకుంది. నలభై రోజులు అలాగే గడిచాయి. ఒక తెల్లవారుజామున ఆ అడుగులు దాటిపోతుంటే ఆమెకు కోపం వచ్చింది. లేచి తలుపు తీసింది.

"రోజు గిట్లనే పోతవు. ఒక్కనాడన్న పిలువవేంది?"

"పిలిస్తే నాకోసం వస్తవు" అంది ప్రేమమ్మ. "గట్ల ఎన్ని దినాలొస్తవు?"

భాగీరథి మెట్టు మీద కూలబడింది. "తగ్గినదంత మళ్లొచ్చింది. ఇన్ని నెలల నడక వాగుల కలిసింది."

ప్రేమమ్మ తన సంచి దించి, రోడ్డు మీదే నిలబడి చెప్పింది. "నేను చదువు నేర్చుకునేనాటికి నాకు ముప్పై రెండేండ్లు. పంతులమ్మ పొద్దున చెప్పిన అక్షరం మాపటికి మరిచిపోయేదాన్ని. ఒకపారి మా అమ్మకు బాగలేకుంటే రెండు నెల్లు పలక పట్టలె. తీరా పోతే సగం అక్షరాలు గుర్తే లేవు. మొదట్నుంచి దిద్దాల్నా అని ఏడ్చిన. పంతులమ్మ ఏమన్నదంటే, మరిచిపోయిన కాడ మొదలువెట్టు, మొదటికెందుకు పోతవు అన్నది. గట్ల నేర్చుకున్న అక్షరాలతోనే ఇయ్యాల కాన్పు కాయితాలు రాస్తున్న. నువ్వు బజారు చివరికి పోవుడు నేర్చుకున్నవు, వాగు దాటుడు నేర్చుకున్నవు. అవి యాడికి పోతయమ్మా?"

భాగీరథి ఇంట్లోకి పోలేదు. పాత చీరతోనే, తల కూడా దువ్వుకోకుండా ఆమె వెంట నడిచింది. వాగు దాకా పోయేసరికి కాళ్లు గుంజాయి, కానీ పోగలిగింది. ఆ తర్వాత ఆమె కాంటా ఎక్కడం మానేసింది. తన లెక్క రోడ్డుతోనే చూసుకుంది. పండుగకు ఒక బూరె తిన్నా ఇష్టంగా తిని, మరునాడు ఎప్పటిలా లేచేది.

ఇలా మరో ఏడాదిన్నర గడిచింది. పందొమ్మిది వందల ముప్పై తొమ్మిది చలికాలంలో ఒక సాయంత్రం భర్తతో అంది: "మొయినాబాదుకు పోయి విమలను చూసొస్త." విమల వాళ్ల ఒక్కగానొక్క కూతురు, అక్కడ షావుకార్లింటికి కోడలిగా పోయి మూడేళ్లయింది.

"బండి కట్టిస్త."

"నడిచి పోత. ప్రేమమ్మకు దవాఖాన పని ఉన్నదట. ఇద్దరం పోతం."

వీరేశం మనసులో దూరం లెక్కేశాడు. ఆరు కోసులు, అంటే పన్నెండు మైళ్లు. "పోనీ, ఖాళీ బండి వెనుక రానియ్యి."

"వెనుక బండుంటే నా కాళ్లకు తెలుస్తది. వద్దు" అంది.

తెల్లవారకముందే బయలుదేరారు. మంచులో రోడ్డు కనబడీ కనబడనట్టు ఉంది. పొద్దెక్కే వేళకు తాను అంతకుముందు నడిచి చేరిన చోట్లన్నీ దాటేసింది. కనకమామిడి చేరేసరికి ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. ఒక చేను గట్టు మీద కూర్చుని ప్రేమమ్మ తడిగుడ్డ చుడుతుంటే, ఆ చేను రైతు మల్లప్ప వచ్చి పలకరించాడు.

"చేవెళ్ల షావుకారమ్మవు గాదూ? నా బండి మొయినాబాదుకే పోతున్నది. గడ్డి మెత్తగ పరిచిన. ఎక్కుండ్రి ఇద్దరు."

బండి పక్కనే ఉంది. ఎడ్లు కట్టి ఉన్నాయి. ప్రేమమ్మ తల ఎత్తకుండా గుడ్డ ముడి బిగించింది. భాగీరథి బండిని చూసింది, మడమను చూసుకుంది. సంచిలోంచి రొట్టె తీసి, ఉల్లిగడ్డతో నింపాదిగా తిని, మల్లప్ప తెచ్చిన నీళ్లు తాగింది.

"నీ మనసు పెద్దది అన్నా. ఇంకొకనాడు ఎక్కుత" అని లేచింది. లేచిన తర్వాతగాని ఆమె గమనించలేదు, నేలకు చేతులు ఆనించకుండానే లేచానని.

మిట్టమధ్యాహ్నానికి మొయినాబాదు చేరారు. విమల అరుగు మీద బియ్యం చెరుగుతోంది. తల్లిని చూసి, చాట పక్కన పెట్టి, ముందు రోడ్డు వైపు తొంగి చూసింది.

"అవ్వా! బండేది?"

"బండి లేదు బిడ్డా. నడిచొచ్చిన."

"యాడికెల్లి?"

"యాడికెల్లేంది! మనింటికెల్లి."

విమల తల్లి పాదాల దగ్గర కూర్చుని దుమ్ము పట్టిన వేళ్లను, గుడ్డ చుట్టిన మడమను తడిమి తడిమి చూసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. లోపలి నుంచి విమల అత్త వచ్చి, వియ్యపురాలిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చూపు పక్కనున్న మనిషి మీదికి పోయింది.

"వదినా, ఈమె నీతోని వచ్చిందా?"

"కాదు వదినా" అంది భాగీరథి. "ఈమెతోని నేనొచ్చిన."

అని ప్రేమమ్మ చేయి పట్టుకుని అరుగు మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ప్రేమమ్మ అంచున కూర్చోబోతే ఇటు జరగమంది. వియ్యపురాలు ఇంట్లోకి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో రెండు చెంబులు ఉన్నాయి. రెండూ ఒకే రకం ఇత్తడి చెంబులు.

రెండు రోజులుండి, తిరుగు దారి కూడా నడిచే వచ్చింది.

ఆ తర్వాతి ఏళ్లలో, అప్పటికే మొదలైన ప్రపంచయుద్ధం ముదిరింది, బియ్యం కరువైంది, బజారంతా జొన్నరొట్టె తిన్నది. పొద్దుటి పూట వాగు వైపు పోయే ఆడవాళ్లు ఇద్దరు కాస్తా ఆరుగురయ్యారు. కొమురయ్య భార్య కూడా వాళ్లలో ఉండేది. భాగీరథి సన్నటి మనిషి ఎన్నడూ కాలేదు. బొద్దుగానే, కానీ గట్టిగా, వేగంగా నడిచే మనిషిగా యాభై ఏళ్లు దాటింది.

ఒకసారి శంకర్‌పల్లి చుట్టాలు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. లోపల రొట్టెలు చేస్తున్న భాగీరథికి అత్తగారి గొంతు వినబడింది.

"మా కోడలా? పొద్దున లేచి మొయినాబాదుకు నడిచి పోతది. పది కోసులు! ఎడ్లు గూడ అలుస్తయి, మా కోడలు అలువది. మీ ఇండ్లల్ల ఉన్నరా గసొంటి ఆడోళ్లు?"

ఆరు కోసులేనని చెబుదామని భాగీరథి గడప దాకా వచ్చింది. అత్త ముసలి మొహంలోని వెలుగు చూసి, నవ్వుకుంటూ వెనక్కి తిరిగి, పెనం మీది రొట్టెను తిప్పి వేసింది.