చేతులెత్తని సభ

బెత్తం మాస్టారి చేతి దెబ్బ తినకుండా ఆ వాడలో ఎవరూ పదో తరగతి గట్టెక్కలేదు. ముప్పై ఒక్కేళ్లు సాంఘికశాస్త్రం చెప్పాడాయన. పౌరహక్కులు వరసగా అప్పజెప్పలేని పిల్లల అరచేతులు కమిలిపోయేవి. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "క్లాసు లీడర్ని మేమే ఎన్నుకుంటే తప్పా మాస్టారూ?" అనడిగింది. కణుపుల మీద నెత్తురు చిమ్మేదాకా కొట్టాడు. ఆ పిల్ల మళ్లీ బడి గడప తొక్కలేదు. "పోతే పోయింది, మిగతావాళ్లు దారికొచ్చారు" అని భార్యతో గర్వంగా చెప్పుకున్నాడు.

ఆయన రిటైరైన నాలుగేళ్లకు బడి ఆటస్థలం మీద ఒక కాంట్రాక్టరు కన్ను పడింది. అక్కడ గోదాము కట్టాలట. వాడవాళ్లు ఒప్పుకుంటే తప్ప మునిసిపాలిటీ అనుమతి ఇవ్వదు. అందుకని ఆదివారం పొద్దున బడి హాల్లోనే సభ పెట్టించాడు. ఇనుపకడ్డీలు పట్టుకుని నలుగురు గోడవారగా నిలబడ్డారు.

"వద్దనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు కాంట్రాక్టరు నవ్వుతూ.

మాస్టారొక్కడే ఎత్తాడు. "ముందు ఆ కడ్డీలు బయట పెట్టించి అప్పుడడుగు. ఓటంటే..."

మాట పూర్తికాలేదు. మొదటి దెబ్బ దవడ మీద పడింది. రెండు పళ్లు నేలమీద దొర్లాయి. రెండో దెబ్బకు మోచేయి ఫటేల్మంది. కిందపడ్డ మనిషిని డొక్కలో తన్నారు. నెత్తురు కమ్మిన కళ్లతో ఆయన హాలంతా కలయజూశాడు. తాపీమేస్త్రీ, మందుల షాపతను, బ్యాంకు గుమాస్తా, అందరూ తన శిష్యులే. తలలొంచుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మేస్త్రీ ఒక్కడే ఆస్పత్రికి వచ్చాడు. దవడకు తీగలు కట్టి ఉండటంతో మాస్టారు కాగితం మీద రాశాడు: 'ఒక్కడూ లేవలేదేంరా?'

మేస్త్రీ ఆ కాగితం మడిచి మంచం మీద పెట్టాడు. "కోప్పడకండి మాస్టారూ. మీరు ఒకణ్ణి చితక్కొడుతుంటే మిగతావాళ్లం ఎలా కూర్చునేవాళ్లం? అలాగే కూర్చున్నాం. అలవాటైపోయింది."

మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండురోజులు భార్య ఇచ్చిన పాలు కూడా ముట్టలేదు.

తీగలు విప్పగానే, నాడు తను కొట్టిన పిల్ల నడిపే కుట్టుషాపుకి వెళ్లాడు. "తప్పు చేశానమ్మా," అన్నాడు. నోట మాట ముద్దముద్దగా వచ్చింది.

ఆమె మిషను ఆపింది. "ఆ సభలో నేనున్నా లేచేదాన్ని కాదేమో మాస్టారూ. ఇప్పుడేం చేద్దామో చెప్పండి."

ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి సాక్ష్యం చెప్పమని బతిమాలారు. మూడోరోజు పట్టపగలే ఆ కడ్డీలవాళ్లు నలుగురూ ఆమె షాపు తగలబెట్టారు. మిషను లాగబోయి ఆమె చేతులు కాల్చుకుంది. అడ్డం వెళ్లిన మేస్త్రీ తలమీద ఇటుక పగిలింది. నుదుటి నుంచి నెత్తురు కారుతుండగానే అతను పోలీసుస్టేషనుకి వెళ్లి నాలుగు పేర్లూ చెప్పాడు. సాయంత్రానికి అతని వెనక ఇంకో ఆరుగురు క్యూ కట్టారు. వాళ్లలో గుమాస్తా కూడా ఉన్నాడు, అతనూ సంతకం పెట్టాడు.

కడ్డీలవాళ్లు జైలుకెళ్లారు. కాంట్రాక్టరు మీద మాత్రం ఈగ కూడా వాలలేదు. ఆ సభ చెల్లదని మునిసిపాలిటీ తేల్చడంతో, మళ్లీ ఓటింగు రహస్యంగా, చీటీలతో జరిగింది. పదకొండు ఓట్ల తేడాతో ఆటస్థలం దక్కింది. ఆ పదకొండూ ఎవరివో మాస్టారికి నేటికీ తెలియదు.