బేరమాడని మధ్యాహ్నం

రాజపాళయంలో మాకు చిన్న నైటీల కొట్టు ఉంది. నెలకోసారి పగలంతా కరెంటు తీసేస్తారు. ఆ తిప్పలు పడలేక పాత జనరేటరు ఒకటి కొన్నాను. పొడుగు వైరు వద్దని చెప్పి ధర తగ్గించుకున్న ఘనుణ్ణి. ఉన్న వైరు వీధి దాకా రాక, నా భార్య మిషను కుట్టే వెనకగదిలోనే దాన్ని పెట్టాను.

అలా కరెంటు తీసిన ఒక మధ్యాహ్నం జనరేటరు నడుస్తుండగా, జల్లు కొడుతోందని షట్టరు సగం దించాను. కాసేపటికి తల బరువెక్కింది. రోజూ ఉండే అలసటేలే అనుకున్నాను. సత్రపట్టి నుంచి ఎప్పుడూ వచ్చే ఒకామె షట్టరు కింద దూరి వచ్చి, నైటీని సగం ధరకు అడిగింది. "సరే, తీసుకో" అన్నాను.

ఆమె బెదిరిపోయింది. "ఏమన్నా, బేరమే ఆడకుండా ఇచ్చేస్తివి? ఒళ్ళు సరిలేదా? వదిన ఏడ?"

వెనకగదిలోకి వెళ్ళి చూస్తే నా భార్య మిషను మీద తల వాల్చి ఉంది. పిలిస్తే పలకలేదు. నైటీ కొనవచ్చినామె కేకలకు పక్కకొట్టువాళ్ళు వచ్చి మా ఇద్దరినీ బయటికి లాగారు.

జనరేటరు పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుందనీ, అది అలసటలాగే మొదలవుతుందనీ ఆస్పత్రిలో చెప్పారు. ఆక్సిజన్ పెట్టాక నా భార్య కళ్ళు తెరిచింది.

"వైరు వద్దని ధర తగ్గిస్తివే, నాకెంత ధర కడితివి?" అంది.

ఇప్పుడు జనరేటరు కొట్టు బయట, తలుపులకూ కిటికీలకూ దూరంగా ఉంటుంది. పొడుగు వైరును అడిగిన ధరకే కొన్నాను.