అంటనివ్వని రొంప

కరోనా తగ్గుముఖం పట్టిన రోజులు. బరంపురం నుంచి ఛత్రపురం వెళ్లే బస్సులో నేను దగ్గుతుంటే పక్కనున్న మనిషి లేచి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎక్కినవాళ్లెవరూ నా పక్కన కూర్చోలేదు. చివరికి చేపలమ్మే ఒకావిడ ఖాళీ గంపతో వచ్చి కూర్చుంది.

"నాకు రొంపమ్మా, అంటుకుంటుంది," అన్నాను.

"అంటుకోనీ బాబూ," అంది. "కరోనా ముదిరిన రోజుల్లో నాకూ రొంపే. మా ఇంటాయనికి అంటుతాదని ఆయన్ని వలల పాకలో పడుకోమన్నాను. మా ఈదిలో అందరికీ కరోనా వొచ్చింది, నాకు రానేదు. ఆయన పోనాడు. నా రొంప ఆయనికి అంటనిచ్చుంటే బతికుండునేమో."

నేను పనిచేసేది రక్తపరీక్షల గదిలో. ఒక వైరస్ ఒంట్లో ఉండగా మరొకటి కొన్నాళ్లు చొరబడలేకపోవడం నిజంగానే ఉంది. కానీ ఎప్పుడూ అలా జరగదు. రెండూ కలిసే వచ్చి మనిషిని మరింత కుంగదీయడమూ ఉంది.

ఆ రెండో మాట ఆమెకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె దిగేదాకా, నా రొంప ఆమెకు అంటకూడదని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.