రేకు కోసినట్టు వినిపించిన ఏడుపు

కరోనా సద్దుమణిగి ఆసుపత్రుల్లో మామూలు ఓపీలు మళ్లీ మొదలైన ఏడాది, వానాకాలం చివర్లో, నాకు డిప్యుటేషన్ ఉత్తర్వు వచ్చింది. ఖమ్మంలో వినికిడి సమస్యలు చూసే ఆడియాలజిస్టుగా పనిచేస్తున్న నేను ప్రతి గురువారం భద్రాచలం వెళ్లి, అక్కడి ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో కూర్చోవాలి. సత్తుపల్లి, చండ్రుగొండ వైపు వాళ్లు ఎలాగో ఖమ్మం వచ్చేవారు. గోదావరి ఒడ్డు మండలాల వాళ్లకు మాత్రం ఖమ్మం రావాలంటే రోజంతా పోయేది. అందుకే ఈ ఏర్పాటు. రిటైర్మెంటు దగ్గర పడ్డ వయసులో వారం వారం బస్సు ప్రయాణమా అని మొదట విసుక్కున్నాను కానీ, నా ఉద్యోగ జీవితంలో మరిచిపోలేని పేషెంటు నాకు ఆ గురువారాల్లోనే కలిసింది.

ఆమె పేరు సరోజన. దుమ్ముగూడెం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు. వయసు నలభై లోపే. అడవి గూడేల నుంచి కాన్పుకు వచ్చే ఆడవాళ్లతో కోయ భాషలో మాట్లాడగలిగిన నర్సు ఆ కేంద్రంలో ఆమె ఒక్కతే. అంతకు ముందు ఏడాది మెదడు పొరల వాపు జ్వరం వచ్చి ప్రాణం దక్కింది కానీ, రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ఆ జ్వరం తర్వాత లోపలి చెవిలో ఎముక గట్టిపడుతుంది. ఆలస్యం చేస్తే ఆపరేషన్‌కు దారి ఉండదు. అందుకని హైదరాబాద్‌లో త్వరగానే కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు.

ఇంప్లాంట్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. చెవి వెనక తగిలించుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టి, తల మీద అయస్కాంతంతో అంటుకునే కాయిల్ ద్వారా లోపలికి పంపుతుంది. నత్తగుల్లలాంటి లోపలి చెవిలో దూర్చిన సన్నని తీగ మీద ఎలక్ట్రోడ్లు ఉంటాయి. అవి వినికిడి నరానికి కరెంటు అందిస్తాయి. ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటు ఇస్తే మనిషికి శబ్దం తెలుస్తుంది, ఎంతవరకు ఇస్తే ఓర్చుకోగలరు అన్నది కంప్యూటర్‌లో నిర్ణయించడాన్ని మ్యాపింగ్ అంటాం. ఆ పై హద్దు పేరు కంఫర్ట్ లెవెల్. దాన్ని తగ్గిస్తే బాధ తగ్గుతుంది కానీ మాట మసకబారుతుంది. పెంచితే మాట తేటపడుతుంది, బాధ పెరుగుతుంది. మా వృత్తి అంతా ఆ రెంటి మధ్యే.

సరోజన మొదటిసారి వచ్చినప్పుడు ప్రాసెసర్ చెవికి లేదు, చేతిసంచిలో ఉంది. వెంట భర్త వీరయ్య వచ్చాడు. మిర్చి, పత్తి వేసే రైతు, నిదానస్తుడు. ఆమె ఇంట్లో దాన్ని తీసి గూట్లో పెట్టేస్తోందని, పది నిమిషాలు కూడా ఉంచుకోవడం లేదని అతనే చెప్పాడు. ఆపరేషన్ చేసిన చోట అడిగితే అలవాటవుతుందని పంపించేశారట. నేను కాగితం మీద ప్రశ్నలు రాసి ఇస్తే, ఆమె నోటితో జవాబు చెప్పింది. చెవులు పోయినా మాట పోలేదు, కాకపోతే గొంతు కొంచెం పెద్దదైంది.

"అందరు చెవి నొస్తుందా అని అడుగుతున్నరు మేడం," అంది. "చెవి కాదు. గిన్నె కింద పడితే నా ముఖం నొస్తుంది. కన్ను కొట్టుకుంటది. నాకేమన్న పిచ్చి లేసిందా అనుకుంటున్నరు ఇంట్ల."

ఇంట్లో ఎవరూ అలా అనలేదని వీరయ్య నాతో మెల్లగా అన్నాడు. ఆమెకు అది వినపడలేదు.

ల్యాప్‌టాప్‌కు ప్రాసెసర్ కలిపి, ఎలక్ట్రోడ్లను ఒక్కొక్కటిగా పరీక్షించడం మొదలుపెట్టాను. ఇంప్లాంట్ పెట్టుకున్నవాళ్లు శబ్దం భరించలేమంటే మామూలుగా అందరం అన్ని ఎలక్ట్రోడ్ల హద్దూ కలిపి కాస్త దించుతాం. కానీ ఆమె ముఖం నొస్తుందన్నది కాబట్టి నేను తెర వైపు కాక ఆమె ముఖం వైపు కూర్చున్నాను. మొదట వచ్చినవాటికి ఏమీ లేదు. తీగ మధ్య భాగానికి వచ్చేసరికి కుడి కన్ను కింది రెప్ప చిన్నగా అదిరింది. ఇంకాస్త కరెంటు పెంచితే పెదవి కొస లాగింది. పక్కదానికీ అంతే, ఆ పక్కదానికీ అంతే.

ముఖాన్ని కదిలించే నరం లోపలి చెవిని ఆనుకునే పోతుంది. ఎముక గట్టిపడ్డ చెవుల్లో కరెంటు ఒక్కోసారి దారి తప్పి ఆ నరాన్ని కూడా తడుతుంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. గిన్నె పడినప్పుడల్లా ఆమె ముఖంలో కరెంటు పారుతోంది. ఆ ఎలక్ట్రోడ్లను ఆపేశాను. వాటి వంతు ధ్వనులు పక్కవాటికి పంచేలా కొత్త మ్యాప్ తయారుచేసి, స్టీలు ట్రే మీద చెంచాతో కొట్టాను. ఆమె ఉలిక్కిపడింది. కానీ ముఖం కదల్లేదు. చెంప మీద చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది.

మిషన్ తెచ్చిన నొప్పి అక్కడితో పోయింది. రెండో బాధ మిగిలింది. దానికి నా దగ్గర మీట లేదు. ఏడాదిపాటు నిశ్శబ్దంలో ఉన్న మెదడుకు ప్రతి శబ్దమూ ఒకే మోత. మాటలు కీచుమంటున్నాయని, ఫ్యాను తిరిగితే తలలో ఇసుక పోస్తున్నట్టుందని చెప్పింది. మనకు పుట్టినప్పటి నుంచి మెదడు అక్కర్లేని శబ్దాలను వెనక్కి నెట్టడం నేర్చుకుని ఉంటుంది. ఆమెది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఇలాంటివాళ్లకు మేం ఒక క్రమం చెబుతాం. ముందు తన చేత్తో తాను చేసే శబ్దాలు వినాలి. నీళ్లు ఒంపడం, చీపురుతో ఊడ్వడం, కాగితం నలపడం. అవి ఎప్పుడు వస్తాయో ముందే తెలుసు కాబట్టి భయం తక్కువ. తర్వాత ఇంకొకరు చెప్పి చేసే శబ్దాలు. చివరికి చెప్పకుండా వచ్చేవి. అలసిపోతే తీసేయవచ్చు, కానీ శబ్దం మధ్యలో మాత్రం తీయకూడదు. అది ఆగాకే తీయాలి. లేకపోతే పారిపోవడమే అలవాటవుతుంది. ఈ మాట కాగితం మీద రాస్తే ఆమె రెండుసార్లు చదివి, "ఆగినంక తియ్యాలె. సరే," అంది.

తర్వాతి గురువారాల్లో ఆమె చెప్పిన సంగతులు వింటుంటే నాకు ఆశ్చర్యం పెరుగుతూ వచ్చింది. ఆమె దుప్పటి పరిచి దాని మీద గిన్నెలు పెట్టి తోమింది. నాలుగు రోజులకు దుప్పటి మడత తగ్గించింది, చివరికి తీసేసింది. పొలంలో మోటరు వేసేముందు వీరయ్య చెయ్యి పైకెత్తేవాడు. ఆమె తల ఊపాకే స్విచ్ నొక్కేవాడు. ఒకరోజు చెయ్యెత్తవద్దని ఆమే చెప్పింది. ఆ మోటరు మోతలోంచి కొంగ రెక్కల చప్పుడు విన్నానని ఒక గురువారం అంది. ముందు నమ్మలేదు. వీరయ్యను అడిగితే కొంగలు లేచింది నిజమేనన్నాడు. అంతకు ముందు నెల ఫ్యానుకే తట్టుకోలేని మనిషి! ముందు తెలుగు మాటలు తేటపడ్డాయి. కోయ మాటలు ఇంకొన్ని వారాలకు, ఒక అమ్మమ్మ పలకరింపుతో ఒక్కసారిగా అర్థమయ్యాయట.

ఒక్కటి మాత్రం లొంగలేదు. పసిపిల్లల ఏడుపు.

ఆమె కేంద్రంలో మెడికల్ ఆఫీసరు ఒక యువ డాక్టరు, మంచి మనిషి. సరోజనను కాన్పుల గది నుంచి తప్పించి టీకాల పనిలో పెట్టింది. టీకాల రోజు వరండా నిండా పిల్లలు ఏడుస్తారు కదా. సరోజన చెమటలు పట్టి బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడేదట. మందుల స్టోరుకు శాశ్వతంగా మార్చమని పైకి రాయాల్సి వస్తుందేమో అని డాక్టరు నాకు ఫోన్ చేసింది. నెలాఖరు దాకా ఆగమని అడిగాను. డాక్టరు ఒప్పుకుంది.

ఏడుపు చాలా పెద్ద శబ్దం, ఎత్తు స్వరం. ఆ స్వరాలు పట్టే ఎలక్ట్రోడ్ల హద్దు తగ్గించి, వేరే ప్రోగ్రాముగా పెట్టి, బటన్ నొక్కితే దాంట్లోకి మారేలా చేశాను. ఏడుపులు ఫోన్‌లో రికార్డు చేయించి తగ్గు ధ్వనితో వినిపించాను. ఫోన్లోవి భరించింది. నిజం బిడ్డ ఏడిస్తే మళ్లీ అదే. నొప్పి ఎంత అని అడిగాను. మా దగ్గర దానికి సున్నా నుంచి పది వరకు ఒక కొలత ఉంటుంది. ఆమె ఆ కాగితాన్ని పక్కకు జరిపింది.

"నొప్పి కాదు మేడం. ఏడుపు ఏడుపు లెక్క వినపడ్తలేదు. రేకు కోసినట్టు ఉంటది. ఎన్ని కాన్పులు చేసిన్నో నాకు లెక్క లేదు. బిడ్డ ఏడ్చిందంటే మా అందరి పానం లేసొచ్చేది. గిప్పుడు బిడ్డ ఏడుస్తుంటే రేకు కోసినట్టు వినపడితే, నేనేం నర్సును చెప్పుర్రి."

ల్యాప్‌టాప్ తీసుకుని నేనే వాళ్ల కేంద్రానికి వస్తానన్నాను. గదిలో కూర్చుని చేసే మ్యాప్ ఒకటి, ఆ మనిషి బతికే చోట చేసేది మరొకటి. సూపరింటెండెంటు గారి దగ్గర అనుమతి తీసుకుని, తర్వాతి వారం పొద్దున్నే వెళ్లాను. కేంద్రం వెనక నుంచే టేకు చెట్లు మొదలవుతాయి. పొరుగు గూడెం నుంచి ఒక అమ్మాయి తొలి కాన్పుకు వచ్చి ఉంది, వెంట తల్లి. డాక్టరు ఆ ఇద్దరినీ అడిగి నన్ను లోపలికి రానిచ్చింది. డ్యూటీ నర్సు కాన్పు చూస్తుంది, సరోజన ఆమెకు సాయం అని డాక్టరు ముందే చెప్పింది.

ఆ గదిలో సరోజనను చూస్తే క్లినిక్‌లో నేను ఎరిగిన మనిషిలా లేదు. అమ్మాయి చెవి దగ్గర వంగి కోయలో ఏదో చెబుతోంది. అమ్మాయి జవాబిస్తే వింటోంది, పెదవులు చూడకుండానే. అమ్మాయి అరిచినప్పుడు భుజాలు బిగుసుకున్నాయి కానీ ఆమె పట్టుకున్న చెయ్యి వదల్లేదు. నేను మూలన స్టూలు మీద, ఆమె ప్రాసెసర్‌కు వైర్‌లెస్‌గా కలిపిన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, అవసరమైతే హద్దులు దించడానికి సిద్ధంగా కూర్చున్నాను.

పదకొండు దాటాక బిడ్డ బయటపడింది. ఆడపిల్ల. పడగానే ఏడవలేదు. డ్యూటీ నర్సు బొడ్డు సంగతి చూస్తుంటే, సరోజన పొడిగుడ్డతో బిడ్డను తుడుస్తూ వీపు రుద్దుతోంది. డాక్టరు ముందుకు వంగింది. మళ్లీ రుద్దింది సరోజన. అప్పుడు బిడ్డ ఏడ్చింది.

ఆమె కుడి చెయ్యి చెవి వైపు లేచింది. కాయిల్ పీకేస్తుందనుకున్నాను. నా వేలు కీబోర్డు మీదే ఉంది. చెయ్యి సగం దారిలో ఆగింది. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చింది. సరోజన చెయ్యి దించి, తల ఇంకా కిందికి వంచి, ప్రాసెసర్ ఉన్న చెవిని బిడ్డ నోటి దగ్గరికి తెచ్చింది. అలా ఎంతసేపు ఉందో నాకు తెలియదు. తర్వాత బిడ్డను తల్లి గుండెల మీద పెట్టి, నా వైపు తిరిగింది.

"ఏడుస్తుంది మేడం," అంది. గొంతు పెద్దది చేయకుండా, మామూలుగా. "ఏడుపే ఇది."

నేను ఆ రోజు ఒక్క అంకె కూడా మార్చలేదు. ల్యాప్‌టాప్ తెర మీద ముందు వారం పెట్టిన మ్యాపే ఉంది. ఎలక్ట్రోడ్లు పంపిన కరెంటు అదే, అది ముందు రోజు వరకు ఆమెకు రేకు. ఆరోగ్యమైన చెవిలో వేల కణాలు చేసే పనిని పదీ ఇరవై లోహపు చుక్కలు అరకొరగా చేస్తాయి. ఆ కొంచెంలోంచి ఆమె మెదడు, మా కళ్లెదుట, ఒక బిడ్డ ఏడుపును తిరిగి పోగు చేసుకుంది. చేతుల కింద బిడ్డ ఊపిరి కదలడం, ఇప్పుడు ఏడవాలి అని ఏళ్ల తరబడి ఎదురుచూసిన అనుభవం, అన్నీ కలిసి ఆ శబ్దానికి పేరు పెట్టాయని నా వివరణ. వివరణ ఇవ్వగలిగినంత మాత్రాన నా ఆశ్చర్యం తగ్గలేదు. కాసేపు వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. డాక్టరు టీ తెప్పించింది.

ఆ రోజుతో అన్నీ చక్కబడ్డాయని రాయను. టీకాల రోజు వరండా మోత ఆమెకు కష్టంగానే మిగిలింది. అప్పుడు రెండో ప్రోగ్రాముకు మారేది. పెళ్లిళ్లలో డీజే పెడితే ప్రాసెసర్ తీసి పర్సులో వేసుకునేది. సాయంత్రం ఇంటికొచ్చాక గంటసేపు నిశ్శబ్దం కావాలనేది. వీరయ్య ఆ గంట టీవీ పెట్టేవాడు కాదు. గర్భంలో బిడ్డ గుండె చప్పుడు చెవితో నమ్మకుండా, అంకె చూపించే డాప్లర్ మిషన్‌తోనే చూడాలని డాక్టరు నియమం పెట్టింది. సరోజన దాన్ని ఒప్పుకుంది. ఇంకో నర్సు తోడుగా ఉండే షిఫ్టుల్లో ఆమెకు కాన్పుల గది డ్యూటీ తిరిగి ఇచ్చారు. స్టోరు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను రిటైరయ్యే నాటికి ఆమె అదే పనిలో ఉంది.

ఆమె తర్వాత నా పద్ధతి మారింది. శబ్దం భరించలేకపోతున్నామని ఎవరు వచ్చినా, బాధ ఎంత అని అడగడానికి ముందు రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. ఎక్కడ నొస్తోంది, అది దేనిలా వినిపిస్తోంది. మొదటిదానికి వచ్చే జవాబు మిషన్‌లో ఏం సరిచేయాలో చెబుతుంది. రెండోదానికి వచ్చే జవాబు ఆ మనిషి మెదడు ఇంకా ఎంత దూరం నడవాలో చెబుతుంది. ఈ రెండూ తెలియకుండా కంఫర్ట్ లెవెల్ తగ్గిస్తే పేషెంటుకు బాధ పోవచ్చు కానీ, దాంతోపాటు వినికిడి కూడా పోతుంది. నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన ఆడియాలజిస్టుకు ఛార్జి అప్పగించేటప్పుడు ఈ సంగతే చెప్పాను.