మామిడిపెట్టెల గదిలో రెండో మిషను

నా రాతకి ముందే మన్నించమని అడుగుతున్నాను. ఆరో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. ఒత్తులు తప్పుతాయి, అక్షరాలు గీత మీద నిలబడవు, కొన్నిచోట్ల కొట్టేసి మళ్ళీ రాశాను. మా పెదమావయ్య గారు, అంటే మా మావయ్య గారి అన్నగారు, ఈ నెల మొదటి శుక్రవారం ఉదయం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. కాఫీ గ్లాసు కింద పెట్టి గోడకి ఆనుకున్నారు. మళ్ళీ పిలిస్తే పలకలేదు. ఆయన పోయాక ఇంట్లో జరిపిన ఆదరణ కూడికకి మీలో కొందరు వచ్చారు. చాట్రాయి, మైలవరం వైపు ఉన్న మన చుట్టాలూ, సంఘంలో అక్కలూ కొందరు రాలేకపోయారు. వచ్చినవాళ్ళు అక్కడ ఆయన గురించి ఒక మాట విన్నారు. రానివాళ్ళ దాకా కూడా అది ఈపాటికి చేరే ఉంటుంది. ఆ మాట నిజం కాదు. నలుగురిలో లేచి నిలబడి చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే కాగితం మీద చెబుతున్నాను.

పెద్దత్తయ్య గారు నేను ఈ ఇంటికి రాకముందే పోయారు. వాళ్ళకి పిల్లలు లేరు. పెదమావయ్య గారు మాతోనే ఉండేవారు. నూజివీడు దాటాక ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయిళ్ళు చూసే మిషన్లు ఆయన చేతిలో ఉండేవి. గుజ్జు కొనేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో రాసే ఉత్తరాలన్నీ ఆ మిషన్లలోకే వస్తాయి, వాటిలోనే దాచుకుంటారు. నేను మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. ఇల్లు దగ్గరే.

ఆయన దేవదూతలాంటి మనిషి అని నేను రాయను. కోపం ఎక్కువ. క్యారేజీ మూత నుంచి సాంబారు ఒక చుక్క కారితే, "అమ్మాయ్, ఇది గుడిసె కాదు, మిషన్ల గది" అని గేటు దాకా వినబడేలా అరిచేవారు. నా కూరలో ఉప్పు ఆయనకి ఎప్పుడూ సరిపోయేది కాదు. చొక్కా మడత నలిగితే ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. కానీ ఆ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టగానే ఒకసారి గాలి పీల్చి చూసేవారు. తర్వాత వెళ్ళి, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు, మిషన్ల పక్కరేకు మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించేవారు. ఏదైనా ఎక్కువ వేడిగా ఉంటే నాతో ఇంకేం మాట్లాడరు. క్యారేజీ బల్ల మీద పెట్టేసి వచ్చేసేదాన్ని.

అక్కడ మిషన్లు రెండు. నేను ఒకరోజు భయపడుతూ అడిగాను.

"పని చేసేది ఒకటే అన్నారు కదండీ. మరి రెండోది ఎందుకండీ లైట్లు వెలిగించుకుని కూర్చుంది?"

ఆయన అన్నం కలపడం ఆపారు. "ఖాళీగా కూర్చుందనుకున్నావా? రాసుకుంటోంది. మెయిలు వచ్చిందనుకో, మొదటి మిషను ముందు చిన్న చిట్టీ మీద రాసుకుంటుంది. ఆ చిట్టీ రెండోదానికి పంపుతుంది. రెండోది రాసుకుని, అయిందీ అంటేనే మొదటిది ఆ చిట్టీ పారేస్తుంది. ఇది చచ్చిపోతే అది లేచి పని అందుకోవాలి. అందుకు."

"మరి రెండోది ఆగిపోతేనండీ?"

"అప్పుడు చిట్టీలు పారేయకూడదు. పేరుకుపోతాయి. చోటంతా నిండిపోతుంది. అప్పుడు మొదటిది కూడా నోరు మూసుకుంటుంది." నా వైపు చూసి, "మా ఆఫీసులో డిగ్రీలు చదివినవాళ్ళకి ఈ ప్రశ్న రాలేదే" అన్నారు. మళ్ళీ వెంటనే, "పులుసులో ఉప్పేది?" అన్నారు.

చోటు కోసం ఆయన పడిన బాధ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆఫీసువాళ్ళు పెళ్ళి వీడియోలూ, గుడ్ మార్నింగ్ బొమ్మలూ, పేకాట ఫోటోలూ అన్నీ కంపెనీ మెయిల్లోనే దాచుకునేవారు. ఆయన బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి బతిమాలేవారు. "సర్, దయచేసి కొన్ని తీసేయండి, డిస్కు నిండిపోతోంది" అంటే, "ఏంటండీ, మా అమ్మాయి పెళ్ళి మీ మిషనుకి బరువైపోయిందా?" అని నవ్వేవారట. ఇంకొకాయన, "పెద్దాయన సొంత పొలమనుకుంటున్నాడు, గట్టు దాటనివ్వడు" అన్నాడట. ఇవి ఆయనే ఇంటికొచ్చి చెప్పేవారు. చెప్పి నవ్వేవారు కాదు.

ఇక మామిడిపెట్టెల సంగతి. ఫ్యాక్టరీలో రాత్రింబవళ్ళు ఏసీ నడిచే గది అదొక్కటే. సీజన్‌లో పైవాళ్ళకి పంపే బంగినపల్లి పెట్టెలు పాడవకుండా ఆ గదిలో పెట్టమని మేనేజరు గారు చెప్పారు. ఎవరూ తప్పనుకోలేదు. మన వైపు చల్లటి చోటు కనబడితే ముందు కాయలే పెడతారు కదా. పెదమావయ్య గారు మాత్రం ఒప్పుకోలేదు. గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. రెండు పెట్టెలే అని వాళ్ళంటే, చివరికి ఈయన సరే అన్నారు. వారం తిరిగేసరికి గోడంతా పెట్టెలే.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను లోపలికి వెళ్ళాను. రాయాలంటేనే రోతగా ఉంది. తలుపు తీయగానే మాగిపోయిన పండ్ల కంపు ముఖానికి కొట్టింది. అడుగు పెట్టెల్లోంచి రసం కారి గచ్చు మీద అంటుకుని ఉంది, కాలు వేస్తే అరికాలు లేచి రావడం లేదు. చిన్న ఈగలు మిషన్ల లైట్ల చుట్టూ ముసురుతున్నాయి. చల్లగా ఉందని భోజనాలయ్యాక ఆఫీసువాళ్ళు అక్కడే నిలబడి రసాలు పీల్చేవారట. టెంకలు మిషను వెనక పడేశారు. వాటికి బూజు వెంట్రుకల్లా మొలిచింది. దాని పక్కనే వైర్ల మీద చీమల బారు. బయటికొచ్చి కుళాయి దగ్గర కక్కుకున్నాను. మళ్ళీ వచ్చేసరికి పెదమావయ్య గారు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ఇస్త్రీ చొక్కాతోనే, పాత బనీను ముక్కతో ఆ టెంకలు ఒక్కొక్కటే ఏరుతున్నారు. లోపలికి మేనేజరు గారి బామ్మర్ది వచ్చాడు. అతనికీ అక్కడే ఉద్యోగం. "ఏంటి సర్, స్వీపర్ రాలేదా?" అని, చేతిలో ఉన్న పండు చీకుతూ వెళ్ళిపోయాడు. టెంక ఎక్కడ వేశాడో నేను చూడలేదు.

మే నెలలో ఆయనకి గుండెలో పట్టేసినట్టయి బెజవాడ ఆస్పత్రిలో చేర్చాం. మా అత్తయ్య గారికి మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకి సీజన్‌లో సెలవు లేదు. నేనే ఉన్నాను ఆయన దగ్గర. ఆయన కుడిచేతికి సెలైన్ పెట్టారు. ఫోన్ మోగితే నేనే పట్టుకుని, స్పీకర్ పెట్టి, ఆయన నోటి దగ్గర పెట్టేదాన్ని. ఆ రోజు మేనేజరు గారి బామ్మర్ది చేశాడు. ప్రతి మాటా నాకు గుర్తుంది.

"సర్, మెయిల్స్ ఆగిపోయాయండీ. చోటు లేదంటోంది."

"రెండోది ఆన్‌లో ఉందా?"

అవతల ఇంకెవరితోనో గుసగుసగా ఏదో అన్నాడు.

"బాబూ, రెండో మిషను ఆన్‌లో ఉందా అని అడుగుతున్నాను."

"అదీ... దాని వెనక నుంచి వేడిగాలి వస్తోందండీ. పెట్టెల్లో కాయలు మెత్తబడిపోతున్నాయి. ఎలాగూ ఖాళీగానే ఉంది కదాని మీరు ఆస్పత్రికి వెళ్ళిన రోజే ఆపేయమన్నారు."

పెదమావయ్య గారు కళ్ళు మూసుకున్నారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. పిల్లాడికి అన్నం తినిపించినట్టు నెమ్మదిగా చెప్పారు.

"ముందు దాన్ని ఆన్ చేయండి. ఆగిన దగ్గర్నుంచి మొత్తం రాసుకుంటుంది. టైం పడుతుంది. ఆగండి. ఏదీ తీసేయొద్దు."

"ఎంతసేపు సర్? అవతల కొనేవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఇక్కడ పాత ఫైళ్ళు కుప్పలుగా ఉన్నాయండీ, ఇవి లేపేస్తే సరిపోద్దిగా?"

"వద్దు! అవి పాతవి కావు. అవి రెండోది ఇంకా చదవని చిట్టీలు. అవి పోతే ఈ రోజులన్నీ పోతాయి. వాటి జోలికి పోకండి. విన్నారా?"

"సరే సర్, సరే సర్. మీరు రెస్ట్ తీసుకోండి."

ఫోన్ పెట్టేశాక ఆయన నన్ను అడిగారు. "నేను తీసేయొద్దన్నానా లేదా?"

"అన్నారండీ. రెండుసార్లు అన్నారు."

"నువ్వు విన్నావు కదా. చాలు."

వాళ్ళు తీసేశారు. ఆగే ఓపిక లేక ఆ చిట్టీలన్నీ తీసేశారు. దాంతో లెక్క తెగిపోయి మొదటి మిషను మళ్ళీ లేవలేదు. రెండోదాన్ని అప్పుడు ఆన్ చేశారు. దానికి మామిడికాయల కోసం ఆపేసిన రోజు వరకే తెలుసు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు ఒక్కటి కూడా దొరకలేదు. సీజన్ మధ్యలో ఎవరికి ఎంత గుజ్జు పంపాలో, ఎప్పుడు పంపాలో రాసినవన్నీ పోయాయి. ఫ్యాక్టరీ అంతా ఒకటే మాట మొదలైంది. "పెద్దాయనకి ఒంట్లో బాగోక ఏదో నొక్కేశాడు." ఆస్పత్రి మంచం మీద, సెలైన్ చేత్తో, ఆయన ఏం నొక్కుతారు? అడిగినవాళ్ళు లేరు. మామిడిపెట్టెలు ఎప్పుడు మాయమయ్యాయో తెలియదు. గచ్చు కడిగించారు. అదొక్కటి మాత్రం ఆలస్యం లేకుండా చేశారు.

ఆయన ఇంటికి వచ్చాక ఆఫీసుకి వెళ్ళి మాట్లాడబోతే, "వదిలేయండి సర్, మీ ఆరోగ్యం చూసుకోండి" అన్నారట మేనేజరు గారు. మళ్ళీ పనిలోకి రమ్మనలేదు. నాకు తప్ప ఇంట్లో ఎవరికీ ఆయన ఏమీ చెప్పలేదు, మా ఆయన అక్కడే లోడింగ్‌లో పని చేస్తున్నారు కాబట్టి.

ఇక ఆదరణ కూడిక. మేనేజరు గారు తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. మైకు అందుకుని, ఆయన మిషన్లని కన్నబిడ్డల్లా చూసుకున్నారన్నారు. జేబురుమాలు తీశారు. ఆ తర్వాత అన్నారు, "చివర్లో అనారోగ్యం వల్ల ఆయన చేతుల్లో చిన్న పొరపాటు జరిగింది. కంపెనీకి నష్టమే. అయినా మేము ఆయన్ని క్షమించేశాం." వెనక కుర్చీల్లోంచి ఎవరో ఆమెన్ అన్నారు. బామ్మర్ది ముందు వరసలోనే కూర్చుని తల వంచుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. క్షమించారట! ఆ మాట విన్నప్పుడు నాకు ఆ గదిలో కంపు మళ్ళీ ముక్కుకి తగిలింది. పక్కనున్న మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడు కాదు" అన్నారు చిన్నగా. ఆయన్ని నేను తప్పు పట్టను. మా ఇంటికి వచ్చేది ఆ ఒక్క జీతమే.

వెళ్ళేటప్పుడు వాళ్ళు కంపెనీ స్టిక్కరు ఉన్న పండ్ల పెట్టె ఒకటి వరండాలో పెట్టి వెళ్ళారు. నేను దాన్ని ఎత్తుకెళ్ళి పెరట్లో పెంటగోతిలో పోశాను. మా అత్తయ్య గారు కర్ర పట్టుకుని వెనకాలే వచ్చారు.

"తినే వస్తువు పారేస్తావా? నీకేమైనా మతిపోయిందా?"

"ఆ ఇంటి పండు మన నోటికి వద్దండీ అత్తయ్య గారూ."

ఆవిడ నా మొహం చూశారు. ఇంకేం అడగకుండా మట్టి కప్పమన్నారు.

ఆ చివరి రోజుల్లో పెదమావయ్య గారు పొద్దున్నే సపోటా చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కళ్ళజోడు తుడుచుకుని, ఫోన్ తెరిచి, కంపెనీ మెయిలు నొక్కేవారు. అందులో చిన్న చక్రం తిరుగుతూ ఉండేది. కంపెనీవాళ్ళు తన పాస్‌వర్డ్ తీసేశారని ఆయనకి తెలుసు. అయినా బొటనవేలు ఎత్తి పట్టుకుని, ఆ చక్రం వైపే చూస్తూ ఉండేవారు.

"రానిదాని కోసం ఎందుకండీ?" అన్నాను ఒకసారి.

"నా మెయిలు కోసం కాదమ్మాయ్. రెండోది ఆన్‌లో ఉంచారో లేదో తెలుస్తుందేమోనని."

ఎండ కుర్చీ మీదికి వచ్చేది. ఆయన కుర్చీ కాస్త నీడలోకి జరుపుకుని మళ్ళీ నొక్కేవారు.

ఆయన ఏమీ నొక్కలేదు, ఏదీ తీసేయలేదు. వద్దన్నారు, రెండుసార్లు వద్దన్నారు. ఫోన్ పట్టుకున్నది నేను, విన్నది నేను. మీ ఇంట్లో ఎవరైనా ఆయన పొరపాటు చేశాడని అంటే ఈ సంగతి నోటితో చెప్పండి. నా పేరు మాత్రం చెప్పకండి, మా ఆయన రేపు పొద్దున్న కూడా ఆ గేటులోంచే లోపలికి వెళ్ళాలి. చదివేశాక ఈ కాగితాలు బీరువాలో దాచకండి, బైబిలులో కూడా పెట్టకండి. పొయ్యిలో పెట్టి, పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడండి. మూల ఎక్కడైనా మిగిలితే మళ్ళీ వెలిగించండి.